మా నాయన లేటు

నంద్యాలలో ఒక ప్రైవేటు బడిలో ఇంగ్లీషు చెబుతాను. మా టీచర్ల వాట్సాప్ గ్రూపులో ఇంగ్లీషు తప్ప ఇంకో భాషలో రాయకూడదని నియమం. పోయిన ఏడాది మా నాయనకు కంటి ఆపరేషన్ నంద్యాలలోనే పెట్టుకున్నాం. అమ్మానాయనలు ఉండేది ఆళ్లగడ్డలో. ఆ పొద్దున ఆయనకు తొలి బస్సు అందలేదనీ, ఫోన్ కూడా ఇంట్లోనే మరిచి బయల్దేరాడనీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. ఆసుపత్రిలో ఆపరేషన్‌ను మధ్యాహ్నానికి మార్చారు. నాకు ఒక పూట సెలవే ఉంది. హడావుడిగా గ్రూపులో పెట్టాను: ‘ఆపరేషన్. మై ఫాదర్ ఈజ్ లేట్. ఐ నీడ్ లీవ్ టుడే.’

ఆసుపత్రిలో నర్సు చెప్పిందని ఫోన్ ఆపేశాను. నాయన వచ్చాడు, ఆపరేషన్ బాగా జరిగింది. ఆ సంతోషంలో ఫోన్ మళ్లీ ఆన్ చేయాలన్న ధ్యాసే రాలేదు.

సాయంత్రం నల్లద్దాలు పెట్టుకున్న నాయనను చెయ్యి పట్టుకుని ఆళ్లగడ్డలో బస్సు దించాను. మా వీధిలోకి తిరిగేసరికి ఇంటి ముందర కుర్చీలు వేసున్నాయి. మా చర్చి పాస్టరుగారు బైబిలు పట్టుకుని కూర్చున్నారు. పక్కన మా ప్రిన్సిపాల్ సారు, ఆయన చేతిలో గులాబీల దండ.

‘‘ఏందమ్మా, ఎవురికేమైంది?’’ అన్నాడు నాయన.

ఆ గొంతు విని లోపల ఆడవాళ్లు కేక పెట్టారు. అమ్మ పరుగున వచ్చింది. ఆయన భుజాలు, చెంపలు, చేతులు తడిమి చూసింది. చూసి చూసి అక్కడే గడప మీద కూర్చుండిపోయింది.

సారు దండను వెనక్కి దాచుకున్నారు. ‘‘ఫాదర్ లేట్ అని మీరే పెట్టారు కదమ్మా. ఆపరేషన్‌లో పోయారనుకున్నాం. మీ ఫోన్ కలవలేదు. ఇంటికి చేసి, ఎప్పుడు తీసుకొస్తున్నారమ్మా, ధైర్యంగా ఉండండి అన్నాను. అమ్మగారికి అప్పటిదాకా తెలియదని నాకు తెలియదు.’’

అప్పుడు నేను చేయాల్సింది అమ్మ పక్కన కూర్చోవడం. నేనేం చేశానంటే వ్యాకరణం చెప్పాను.

‘‘సార్, నా సెంటెన్స్ కరెక్టే. ‘మై ఫాదర్ ఈజ్ లేట్’ అంటే ఇంకా రాలేదని. చనిపోతే ‘మై లేట్ ఫాదర్’ అనాలి. లేట్ అన్నది ఫాదర్‌కు ముందు రావాలి.’’

క్లాసులో చెప్పినట్టు గట్టిగా, స్పష్టంగా చెప్పాను. పాస్టరుగారు బైబిలు మూశారు. సారు తల ఊపి, ‘‘నిజమేనమ్మా, మేమే తొందరపడ్డాం’’ అన్నారు. అంతమందిలో నా మాట నెగ్గినందుకు ఒక్క క్షణం తేలికపడ్డాను కూడా. అది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు ముడుచుకుపోతుంది.

అమ్మ గడప మీది నుంచే అంది: ‘‘నీ ఇంగ్లీషు సరిగానే ఉంటాది లే. మద్దేన్నం నుంచి ఈడ కూలబడి ఏడుస్తాండా. ఆపరేషన్ అయినాంక నాకొక ఫోన్ జేయాలని తోచలేదా?’’

వాక్యం ఎంత సరిగ్గా ఉన్నా, ఆ మధ్యాహ్నమంతా అమ్మ భర్తను పోగొట్టుకునే ఉంది. మా వీధిలో వేసే బ్యానర్ల మీద, పెళ్లిపత్రికల్లో, పోయినవాళ్ల పేరు పక్కన లేటు అనే రాస్తారు. ఆ మాట చదివేవాళ్లకు ఎలా వినిపిస్తుందో టీచరుగా నేనే ఆలోచించి ఉండాల్సింది. గ్రూపు నియమం పక్కనపెట్టి తెలుగులో ‘ఇంకా రాలేదు’ అని రాసుంటే సరిపోయేది.

నాయన ఒక్కడే నిదానంగా ఉన్నాడు. ‘‘ఇంత దూరమొచ్చినారు, కూచోండి సార్, టీ తాగి పోదురు’’ అన్నాడు. సారు తాగలేదు. దండను ఎక్కడ పెట్టాలో తెలియక కారులోనే పెట్టుకుని వెళ్లిపోయారు. వచ్చిన జనం ఎలాగూ ఉన్నారు కదా అని పాస్టరుగారు కృతజ్ఞతా ప్రార్థన చేశారు. నేను కళ్లు మూసుకున్నాను గానీ ఒక్క మాటా చెవికెక్కలేదు.

రాత్రి నాయన కంట్లో చుక్కలు వేయబోతే అమ్మ నా చేతిలోంచి సీసా తీసుకుంది. మరునాడు పొద్దున్నే నేను నంద్యాల బస్సెక్కాను.

ఆ ఆదివారం మళ్లీ వెళ్లాను. చర్చి బయట ఒకామె నవ్వుతూ అమ్మను అడిగింది: ‘‘మీ పాప ఇంగ్లీషు టీచరే కదక్కా? ఏందో తప్పు రాసిందంటనే?’’

అమ్మ కొంగు సర్దుకుంటూ, ‘‘తప్పేం రాయలేదు. మాకే అర్థం కాలేదు’’ అంది.

నేను వెనకే నిలబడి ఉన్నాను. తలెత్తి ఎవరి ముఖమూ చూడలేకపోయాను.