వాసు కోర్టులో, వాసు కాలు మా అమ్మ ఒళ్ళో

నిన్న లంచ్ చేస్తుంటే వాసు వాళ్ళ కోచ్ ఫోన్ చేశాడు. ప్రాక్టీస్‌లో వాసు వీల్‌చెయిర్‌తో సహా పడిపోయాడట. ఎప్పటిలాగే తనే లేస్తాడని అందరూ చూస్తున్నారట.

లేవలేదు.

హార్ట్ ఎటాక్. పోయాడు.

ఇది టైప్ చేస్తున్నా కానీ ఇంకా నమ్మబుద్ధి కావట్లేదు.

తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా. వాసు ఇక్కడ ట్రాయ్ ఊళ్ళో నా కొలీగ్, నా ప్రాణ స్నేహితుడు. ఆటో కంపెనీల్లో లేఆఫ్‌లు నడుస్తున్న చలికాలంలో, ఐస్ మీద కారు స్కిడ్ అయి వాడి ఎడమకాలు మోకాలి కింద పోయింది. ఆర్టిఫిషియల్ కాలు పెట్టుకుని మళ్ళీ ఆఫీస్‌కి వచ్చేశాడు.

వీకెండ్ పార్టీల్లో మనవాళ్ళు వాడి ప్లేట్ కూడా వాణ్ణి పట్టుకోనిచ్చేవాళ్ళు కాదు. "పాపం, నువ్వు కూర్చో నాయనా" అనేవాళ్ళు. ఆ "పాపం" వింటే వాడికి ఒళ్ళు మండేది. తనని చూసి ఎవరూ ఆ మాట అనకూడదు. వాడికి కావాల్సింది అదొక్కటే.

అలాంటివాడు వెళ్ళి వెళ్ళి వీల్‌చెయిర్ బాస్కెట్‌బాల్‌లో దూరాడు.

మీరు చూశారా ఎప్పుడైనా? లేకపోతే లైఫ్‌లో ఒక్కసారి చూడండి. కుర్చీలు కుర్చీలు గుద్దుకుంటుంటే జిమ్ అంతా దడదడలాడుతుంది. మనిషి కుర్చీతో సహా బోర్లా పడతాడు. నేలకి చేతులు ఆనించి ఒక్క ఊపుతో లేచి మళ్ళీ బాల్ వెనక పరిగెడతాడు. ఆట ఆగదు.

ఈ సంగతి మా అమ్మకి తెలీదు.

అప్పుడు అమ్మ ఇండియా నుంచి వచ్చి మా దగ్గర ఉంది. మెయిన్ టీమ్‌లో వాసుకి ఫస్ట్ మ్యాచ్, బాగా ఆడితేనే ప్లేస్ ఉంటుంది. వాడు బాల్ పాస్ చేశాడు. అందుకున్నవాడికి బాస్కెట్ ముందు అడ్డం ఎవరూ లేరు. సరిగ్గా అప్పుడే ఇక్కడ వాసు పడ్డాడు.

మా అమ్మ పట్టుచీర, స్నీకర్లతో కోర్టులోకి ఒకటే పరుగు. "అయ్యో నాయనా" అంటూ వాడి చంకల కింద చేతులేసి లేపేస్తోంది. వెనకాలే ఇంకో ఇద్దరు ఆంటీలు.

రెఫరీ విజిల్ ఊదేశాడు. రావాల్సిన బాస్కెట్ పోయింది. మ్యాచ్ పోయింది. తర్వాతి మ్యాచ్‌లో కోచ్ వాసుని బెంచ్ మీదే కూర్చోబెట్టాడు.

అమ్మని వాడు ఒక్క మాట అనలేదు. కష్టపడి ప్లేస్ తిరిగి తెచ్చుకున్నాక మమ్మల్ని మళ్ళీ పిలిచాడు. మ్యాచ్‌కి ముందు షూతో సహా కాలు తీసి అమ్మ ఒళ్ళో పెట్టాడు.

"ఆంటీ, ఇది మీ డ్యూటీ. నేను పడితే మీరు లేవకూడదు. లేచేది నేను."

ఇక అమ్మ ఒక్క మ్యాచ్ కూడా మిస్ అవలేదు.

ఫైనల్ చూడాల్సింది మీరు! స్కోర్ సమానం, చివరి నిమిషం. ఇద్దరు కలిసి వాసుని గుద్దేశారు, పడ్డాడు. అమ్మ లేవలేదు. ఆ కాలుని గట్టిగా కావలించుకుని "లేరా వాసూ, లే" అని జిమ్ అదిరిపోయేలా అరిచింది.

లేచాడు. బాల్ అందుకుని, చక్రాలు ఒక్క తోపు తోసి బాస్కెట్‌కేసి విసిరాడు. బాల్ రింగ్ మీద తిరిగీ తిరిగీ లోపల పడింది.

నేనైతే పక్కనున్న ముక్కూమొహం తెలియని తెల్లాయనకి ముద్దు పెట్టేశాను. అమ్మ ఆ కాలుని గాల్లో ఊపుతూ డాన్స్.

ఆ రోజు ఎవరూ పాపం అనలేదు. వాడితో ఫోటోల కోసం మన ఆంటీలే లైన్ కట్టారు.

నిన్న హాస్పిటల్లో కోచ్ ఆ కాలు తెచ్చి నా చేతికిచ్చాడు. షూ లేసులు కట్టినవి కట్టినట్టే ఉన్నాయి.

పొద్దున ఇండియాకి ఫోన్ చేసి అమ్మకి చెప్పాను. చాలాసేపు ఏడ్చింది. తర్వాత అడిగింది, "కాలు ఎవరి దగ్గరుంది రా?"

నా ఒళ్ళోనే ఉందన్నాను.

"కింద పెట్టకు" అంది.

వాసు వాళ్ళన్నయ్య ప్లెయిన్స్‌బరో నుంచి డ్రైవ్ చేసుకుంటూ వస్తున్నాడు. వచ్చేదాకా పెట్టను.

హాయిగా పడుకో వాసూ. నువ్వెక్కడున్నా చల్లగా ఉండాలి.

నువ్వు పడితే లేవొద్దన్నావుగా, కూర్చునే ఉన్నాన్రా.