జుట్టు రాలితే అమ్మ గుర్తొచ్చేది

ఇందుకూరుపేటలో నాది ఫ్యాన్సీ షాపు. గాజులు, క్లిప్పులు, రబ్బరు బ్యాండ్లు, తలనూనెలు, సవరాలు అన్నీ ఉంటాయి. ఊళ్ళో ఏ ఆడమనిషి తల పలచబడినా ఆ సంగతి ముందు తెలిసేది ఆమె మొగుడికి కాదు, నాకు. "ఈ నూనె రాస్తే నిలబడతాదా అక్కా?" అని గొంతు తగ్గించి అడుగుతారు. "ఎందుకు నిలబడదు!" అని సీసా చేతిలో పెడతాను. వ్యాపారమన్నాక అంతే కదా. అలాంటిది నా జుట్టే చేతికొచ్చేస్తుంటే ఏం రాసుకోవాలో నాకు తోచలేదు.

క్రిస్మస్ పోయి, కొత్త సంవత్సరం ఆరాధన కూడా అయ్యాక మొదలైంది. తలంటుకుంటే వేళ్ళకు చుట్టుకుని వచ్చేది. దువ్వెనలో, దిండు మీద, ఆఖరికి పప్పులో కూడా నా జుట్టే. మా ఆయన కంచంలోంచి పొడుగాటి వెంట్రుక లాగి, లైటు కింద పట్టుకుని, "ఇదేందిమే, నూలు వడకతా ఉండావా?" అన్నాడు. మామూలుగా అయితే నేనూ నాలుగు తగిలించేదాన్ని. నాకు నోటిదురుసు ఎక్కువని మా వీధంతా చెబుతుంది. ఆ రోజు మాత్రం ఆ వెంట్రుక లాక్కుని చెత్తబుట్టలో పడేశాను.

షాపుకొచ్చేవాళ్ళు తలా ఒక మాట చెప్పారు. మా వైపు జుట్టు రాలితే అందరూ ముందు తిట్టేది రొయ్యల గుంటల్ని. గుంటలు వచ్చాక బోరు నీళ్ళు ఉప్పగా మారాయి, ఆ నీళ్ళు పోసుకుంటే జుట్టు నిలుస్తుందా అంటారు. ఒకామె షాంపూ తప్పంది. ఇంకొకామె, "నీ జడ మీద ఎంతమంది కళ్ళు పడినాయో, దిష్టిమే అది" అని తేల్చేసింది. నేను నీళ్ళ మాట పట్టుకున్నాను. తాగే నీళ్ళ క్యాన్లు తెప్పించి తలకు పోసుకోవడం మొదలుపెట్టాను. కొన్నాళ్ళు చూసి మా ఆయన, "తలకు క్యాను నీళ్ళు, మా గొంతుకి బోరు నీళ్ళా? బాగుండాది రాణీగారి యవ్వారం" అన్నాడు. క్యాను నీళ్ళకు కూడా జుట్టు అంతే రాలింది.

నీళ్ళు కాదని తేలాక నాకు భయం పట్టుకుంది. ఎందుకంటే నీళ్ళు కాకపోతే ఇంకేమిటో నాకు తెలుసనుకున్నాను.

నాకు ఎనిమిదేళ్ళప్పుడు అమ్మకు జబ్బు చేసింది. నాయన మద్రాసుకు తీసుకెళ్ళి చూపించాడు. తిరిగొచ్చిన కొన్నాళ్ళకు ఒక పొద్దున అమ్మ లేచిన చోట దిండు నిండా జుట్టు. తర్వాత ఆమె తల నున్నగా అయింది. ఆ తర్వాత మంచం పట్టింది. ఎండాకాలం వచ్చేసరికి మాకు అమ్మ లేదు. ఏం జబ్బో మా ఇంట్లో ఎవరూ పైకి అనలేదు. రొమ్ము క్యాన్సరని పెద్దయ్యాక ఎవరో చుట్టాల మాటల్లో తెలిసింది. మందులకు జుట్టు ఊడుతుందని కూడా అక్కడా ఇక్కడా వింటూనే ఉన్నాను. కానీ ఎనిమిదేళ్ళ పిల్ల బుర్రలో వేరే లెక్క పడిపోయింది. ముందు జుట్టు పోతుంది, తర్వాత మనిషి పోతుంది. పొద్దున్నే దిండు మీద వెంట్రుకలు చూసినప్పుడు విన్న మాటలేవీ గుర్తురావు. ఆ లెక్కొక్కటే గుర్తొచ్చేది.

అందుకే ఎవరికీ చెప్పలేదు. డాక్టరు దగ్గరికి పోతే ఆ జబ్బు పేరు చెబుతారని పోలేదు. సాయంత్రం మా పాప స్కూలు నుంచి వచ్చి నా ముందు కూర్చుంటే జడ వేస్తూ, నేను పోతే దీనికి జడ ఎవరు వేస్తారు దేవా అనుకునేదాన్ని. కళ్ళనీళ్ళు దాని నెత్తి మీద పడతాయని మొహం పక్కకు తిప్పుకునేదాన్ని.

ఆదివారాలు కొంచెం నయం. మా చర్చిలో ఆడవాళ్ళందరం కొంగు కప్పుకుంటాం కాబట్టి ఎవరి తల ఎవరికీ కనబడదు. మా అక్క మాత్రం కొన్నేళ్ళుగా ఇంట్లో కూడా కొంగు దించేది కాదు. నాకంటే ఐదేళ్ళు పెద్దది, నాయనతో కలిసి పక్క వీధిలోనే ఉంటుంది. పొయ్యి దగ్గర కొంగే, చేపలు తోమేటప్పుడు కూడా కొంగే. "వచ్చినారా పాస్టరమ్మగారూ, దయచేయండి" అని నేను ఆట పట్టించేదాన్ని. నవ్వి ఊరుకునేది. భక్తి ముదిరిందనుకున్నాను.

ఒక మధ్యాహ్నం షాపులో ఎవరూ లేరు. సవరాల కట్ట ముందేసుకుని, ఏది నా జుట్టు రంగులో కలుస్తుందో అద్దంలో చూసుకుంటున్నాను. వెనక నుంచి అక్క గొంతు వినబడింది.

"ఎవరికి మే అది?"

అబద్ధం చెబుదామనే అనుకున్నాను. నోరు తెరిస్తే ఏడుపు వచ్చింది. "అక్కా, నాకు అమ్మకి వచ్చిందే వచ్చినట్టుండాది. తలంతా రాలిపోతా ఉండాది. పాపని నువ్వే చూసుకోవాల" అని ఎక్కడెక్కడిదో అంతా కక్కేశాను.

అక్క షట్టరు సగం దించింది. నా ముందు స్టూలు మీద కూర్చుని కొంగు తీసింది. పిన్నులు ఊడదీసింది. సవరం చేతిలోకి వచ్చింది.  నడినెత్తిన పాపిట అరచేయంత వెడల్పుంది, చుట్టూ ఉన్న జుట్టులోంచి చర్మం కనబడుతోంది.

"నాకు ఎప్పుడినుంచో ఉండాది మే" అంది. "నేనూ అదే అనుకున్నా. నీకు చెబితే బెదిరి చస్తావని చెప్పలా."

"ఆ సవరం యాడ కొన్నావు?"

"నెల్లూర్లో."

"సొంత చెల్లెలి షాపు పెట్టుకుని నెల్లూర్లో కొన్నావా!" అన్నాను. ఏడుస్తూనే అన్నాను. అక్కకు నవ్వొచ్చింది, నాకూ వచ్చింది. ఇద్దరం ఒకరి మీద ఒకరు పడి నవ్వామో ఏడ్చామో ఇప్పటికీ చెప్పలేను. ఇన్నేళ్ళూ ఆ భయాన్ని అక్క ఒక్కతే మోసింది. మర్నాడే పోదామని ఇద్దరం ఒట్టేసుకున్నాం. ఒక్కదాన్నయితే నేను పోయేదాన్ని కాదు.

నెల్లూర్లో చర్మానికీ జుట్టుకూ చూసే డాక్టరమ్మ ఒకావిడ ఉంది. వయసులో మాకంటే చిన్నది, కానీ మందలించడంలో పెద్దది. ముందు నా జుట్టు కొంచెం పట్టుకుని లాగి, చేతిలోకి వచ్చిన వెంట్రుకల మొదళ్ళు చూసింది.

"ఈ మధ్య పెద్ద జ్వరమేమన్నా వచ్చిందా? ఆపరేషనుగానీ, కాన్పుగానీ?"

"దీపావళప్పుడు డెంగీ వచ్చి ఆస్పత్రిలో పడుకున్నానమ్మా. అది తగ్గిపోయింది కదా?"

"జ్వరం తగ్గింది, జుట్టుకు ఇప్పుడు తెలిసింది. ఒంటికి అంత పెద్ద దెబ్బ తగిలితే వెంట్రుకలు చాలావరకు ఒక్కసారే పెరగడం మానేస్తాయి. రెండు మూడు నెలలకు అన్నీ కలిసి రాలుతాయి. మీలాగే చాలామంది జ్వరం మర్చిపోయి షాంపూని తిడతారు."

షాంపూ కాదు, రొయ్యల గుంటలని చెప్పాను. ఉప్పు నీళ్ళకు జుట్టు బిరుసెక్కి తెగుతుంది తప్ప ఇలా కుదుళ్ళతో రాదని చెప్పింది. రక్తపరీక్షలు రాసింది. సాయంత్రానికి వచ్చిన రిపోర్టులో థైరాయిడ్ బాగానే ఉంది, ఐరన్ మాత్రం అడుగంటింది. నెలసరి ఎక్కువగా పోతోందా, తిన్న వెంటనే టీ తాగుతారా అని అడిగింది. రెంటికీ తలూపాను. ఐరన్ మాత్రలు రాసి, "కొన్ని నెలలు ఓపిక పట్టండి, మళ్ళీ వస్తుంది" అంది.

అక్కది వేరే సంగతి. పాపిట దగ్గర ఏళ్ళ తరబడి సన్నబడుతూ పోవడం ఎక్కువగా వంశాన్ని బట్టి వస్తుందట. "మీ వాళ్ళలో ఎవరికైనా ఇలా ఉండేదా?" అని అడిగితే అక్కా నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. మా జేజి! నాయన వాళ్ళమ్మ. ఆమె నడినెత్తి ఎండలో తళతళలాడేది. "ఆస్తి ఏమీ ఇవ్వలా, ఇది మాత్రం ఇచ్చిపోయినాది" అంది అక్క. పోయిందంతా తిరిగి రాకపోవచ్చు కానీ, ఉన్నదాన్ని నిలబెట్టడానికి మందుందని డాక్టరమ్మ చెప్పింది.

లేచేటప్పుడు అక్క కుర్చీ వీపు పట్టుకుని నిలబడిపోయింది. అమ్మ సంగతి అడిగింది. దిండు మీద జుట్టు గురించి కూడా చెప్పింది.

డాక్టరమ్మ మమ్మల్ని మళ్ళీ కూర్చోమంది. "మీ అమ్మగారి జుట్టు రాలింది జబ్బు వల్ల కాదమ్మా, జబ్బుకు ఇచ్చిన మందు వల్ల. ఆ మందు క్యాన్సర్ కణాలతో పాటు జుట్టు కుదుళ్ళను కూడా వదలదు. మీ జుట్టుకూ ఆ జబ్బుకూ సంబంధం లేదు." అంతటితో ఆగలేదు. "అమ్మకు వచ్చిందంటున్నారు, మరి రొమ్ము పరీక్ష ఎప్పుడైనా చేయించుకున్నారా?"

లేదని ఇద్దరం తల అడ్డంగా ఊపాం.

"చూడండి, దేనికి భయపడాలో దానికి భయపడకుండా..." అని తిట్టబోయి, మా మొహాలు చూసి మానేసింది. చీటీ రాసి పై అంతస్తుకు పంపింది. ఇద్దరికీ స్కాన్లు తీశారు. రిపోర్టు వచ్చేదాకా షాపులో చిల్లర తప్పు ఇస్తూనే ఉన్నాను. తీసుకోవడానికి ఇద్దరం కలిసే వెళ్ళాం. "ఇద్దరికీ ఏమీ లేదు. ఏటేటా వచ్చి చూపించుకోండి, మళ్ళీ మర్చిపోకండి" అన్నారు. ప్రాణం లేచొచ్చింది. బయటికొచ్చి రోడ్డు పక్కన బండి దగ్గర మిరపకాయ బజ్జీలు తిన్నాం. అంత కారం బజ్జీలు నేనెప్పుడూ తినలేదు, అంత రుచిగా కూడా తినలేదు.

ఊళ్ళో బస్సు దిగి నేరుగా నాయన దగ్గరికి వెళ్ళాం. నాయన దర్జీ. బజార్లో ఆయన కుట్టుమిషను ఇప్పటికీ ఆగలేదు. జాకెట్టు కుడుతున్నవాడల్లా మేం చెబుతుంటే కాలు ఆపి విన్నాడు. అమ్మ జుట్టు చూసి మేం ఇన్నేళ్ళుగా ఏమనుకున్నామో కూడా చెప్పేశాం.

"అట్టా అనుకున్నారా!" అన్నాడు. కుడుతున్న జాకెట్టు తీసి పక్కన పెట్టాడు. "నాకు ఒక్కసారన్నా చెప్పలేదేందమ్మా? ఆ జుట్టు రాలిన పొద్దున మీ అమ్మ ఎంత సంతోషపడినాదో మీకేం తెలుసు. మందు పనిచేస్తే జుట్టు పోతాదని మద్రాసులో పక్క మంచం ఆమె చెప్పినాదంట. అందుకని రోజూ ఎదురుచూసినాది. ఆ పొద్దున దిండు నాకు చూపించి, 'మందు ఒంటికి పట్టినాదయ్యా, నేను పిల్లల దగ్గిరే ఉంటా' అని నవ్వినాది."

అక్క స్టూలు లాక్కుని ఆయన పక్కన కూర్చుంది.

"అమ్మ నవ్వినాదా నాయనా?" అని అడిగాను.

"నవ్వినాదమ్మా."

మళ్ళీ చెప్పమన్నాను. నాయన మొదటి నుంచి మళ్ళీ చెప్పాడు.