ఎర్ర బంతి, ఎదురుగా నామం

పూల్ ఆడే రోబో చేస్తామని కాలేజీలో గొప్పగా చెప్పిన రోజున మా ఇద్దరిలో ఒక్కడికీ పూల్ ఆడటం రాదు. రేణిగుంట రోడ్డులో మూతబడిన పూల్ పార్లరు నుంచి కాలు విరిగిన చిన్న బల్లను ట్రాలీ ఆటోలో వేసుకొచ్చి, తిరుపతిలో నా స్నేహితుడి ఇంటి ముందుగదిలో ఇటుకల మీద నిలబెట్టాం. కారు వైపరు మోటారుతో, ఆట కర్ర పట్టే చెయ్యి, వెబ్‌క్యామ్‌తో కన్ను. ఆ కన్నుకు మేం నేర్పింది ఒకటే: ఎరుపు ఎక్కడుంటే అక్కడికి తెల్ల బంతిని కొట్టించడం.

వాళ్ల నాన్న గుడి ఆఫీసులో ఉద్యోగి. నామం లేకుండా వీధి గడప దాటని మనిషి. ఆయన దృష్టిలో పూల్ అంటే పేకాటకు తమ్ముడు. చాలా రోజులు ఓర్చుకుని, ఒక సాయంత్రం తేల్చేశారు.

"ఇది ఇల్లా, క్లబ్బా? ఈపొద్దు ఒక్క బంతన్నా బొక్కలో పడాల. పడకుంటే తెల్లారేసరికి బల్ల బయటుండాల."

బల్ల పోతే ప్రాజెక్టు పోయినట్టే. నా హాస్టల్ గదిలో మనిషికే చోటు లేదు, ఇక బల్లకెక్కడ? అయినా మధ్యాహ్నమే రోబో చక్కగా ఆడింది కదా అని ధైర్యంగానే ఉన్నాను.

ఆయన అవతలి కొసన పీట వేసుకుని, గడ్డం బల్ల అంచుకు ఆనించి కూర్చున్నారు. స్విచ్ వేశాను. చెయ్యి ఎర్ర బంతిని వదిలేసి, కీచుమంటూ తిరిగి, కర్రను తిన్నగా ఆయన మొహానికి గురిపెట్టింది. స్నేహితుడు వైరు పీకేశాడు. మళ్లీ వేశాం. మళ్లీ ఆయనకే.

"ఏమప్పా, నా మీద ఏమన్నా కచ్చ ఉండాదా దీనికి?"

స్క్రీన్ చూస్తే అర్థమైంది. తెల్లటి నామం మధ్య నిలువుగా, ఎర్రగా వెలిగే శ్రీచూర్ణాన్ని అది బంతి అనుకుంటోంది. నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. నామం తుడుచుకోమని ఆ ఇంట్లో ఎవడంటాడు? స్నేహితుడు నేలచూపులు చూస్తుంటే నేనే నసిగాను.

"దానికి మీ నామం బంతి మాదిరి కనపడతా ఉండాది స్వామీ. రవ్వంత పక్కకు జరిగితే..."

"బొక్క ఈడుంటే నేను యాడికి పోయేది? పడేది కళ్లారా సూడాల గదా!"

అంటూ అరచెయ్యి నొసటికి అడ్డం పెట్టుకున్నారు, ఎండలో బస్సు కోసం చూసేవాడిలా.

రోబో చెయ్యి తిరిగింది. కొట్టింది. ఎర్ర బంతి దొర్లుకుంటూ పోయి, ఆయన గడ్డం పక్కనున్న బొక్క అంచున ఆగినట్టే ఆగి, లోపల పడింది. మా అరుపులకు పక్కింటివాళ్లు బయటికొచ్చారు.

బల్ల సంగతి ఏమంటారోనని ఆయన వైపు చూశాను. నొసటి మీది చెయ్యి ఇంకా దించలేదు.

"ఊ, ఇంకోటి పెట్టండప్పా."