ఎర్ర లైట్ల మోడెమ్

బందరులో లినక్స్ అనే మాట మొట్టమొదట పలికింది నేనే. ఇరవయ్యేళ్ళుగా ఈ ముక్క చెబుతున్నాను, ఇంతవరకూ ఎవరూ కాదనలేదు. అసలు సంగతేమిటంటే, ఆ మాట నాకు చెప్పింది బస్టాండు దగ్గర పుస్తకాలమ్మే ఆయన. "ఈ నెల కంప్యూటర్ పుస్తకంతో సీడీ ఊరికే ఇస్తున్నారండీ, లినక్సంట, తీసుకెళ్ళండి" అన్నాడు. కాబట్టి నేను రెండోవాణ్ణి. మూడోవాణ్ణి కూడా అయివుండచ్చు, ఎందుకంటే ఆయన దగ్గర అప్పటికే ఒక కాపీ అమ్ముడుపోయింది.

అప్పటికి నేను టైపు ఇన్‌స్టిట్యూట్ మూసేసి రెండేళ్ళయింది. లోయరూ హయ్యరూ కలిపి వేలమందికి టైపు నేర్పానని చెప్పుకుంటాను. వేలు కాదు లెండి, కానీ గుమాస్తా ఉద్యోగాలకి వెళ్ళినవాళ్ళు చాలామందే ఉన్నారు. కంప్యూటర్లు వచ్చాక టైపు మిషన్లు పాత ఇనుముకి పోయాయి. నేను మాత్రం ఒక కంప్యూటర్ కొనుక్కుని ఇంట్లో కూర్చున్నాను. నేర్పటానికి ఎవరూ లేక, వాదించటం మొదలుపెట్టాను.

మాది ఒక మెయిల్ గ్రూపు. ఒకరు ఉత్తరం రాస్తే అందరికీ వెళ్తుంది. తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకునేవాళ్ళం. గుడ్లవల్లేరు కాలేజీలో చదివేవాళ్ళు, హైదరాబాదులో పనిచేసేవాళ్ళు, గుడివాడలో కంప్యూటర్లు అమ్మి బాగుచేసే ఒకాయన, ఇంకా ఎక్కడెక్కడివాళ్ళో ఉండేవాళ్ళు. కంప్యూటర్‌ని నడపటానికి డబ్బు పెట్టి కొనే విండోస్ గొప్పదా, ఊరికే వచ్చే లినక్స్ గొప్పదా? ఊరికే వచ్చే సాఫ్ట్‌వేర్‌కి పూచీ ఎవరిది? దాని లోపలి రాత అందరికీ చూపిస్తే దొంగలకి దారి చూపించినట్టా, దొంగల్ని పట్టించినట్టా? అమెరికాలో ఏదో కంపెనీ ఇంకో కంపెనీ మీద కేసు వేసిందని పేపర్లో నాలుగు లైన్లు పడితే మేం నలభై ఉత్తరాలు రాసుకునేవాళ్ళం. మాలో ఎవరికీ ఆ కంపెనీలతో సంబంధం లేదు. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు నొప్పులొస్తాయి. పొద్దున లేచి పళ్ళు తోముకోకుండానే ఎవరేమన్నారో చూడాలి. చూశాక కోపం రావాలి. అదొక ఉద్యోగం, రిటైర్‌మెంట్ లేనిది.

ఆ గ్రూపులో నన్ను ఎదిరించి నిలబడ్డవాడు లేడు. నా పాండిత్యం అలాంటిదని నమ్మేవాణ్ణి. నిజానికి నా పాండిత్యమంతా వేళ్ళలో ఉండేది. తప్పుల్లేకుండా నిమిషానికి నలభై అయిదు మాటలు కొట్టే చెయ్యి నాది. అవతలివాడు రెండు వేళ్ళతో అక్షరాలు ఏరుకుని ఒక పేరా కూర్చేలోగా నేను మూడు జవాబులు పంపేసేవాణ్ణి. వాడు మొదటిదానికి సమాధానం చెప్పి ఆగిపోతే, మూడోదానికి భయపడి నోరు మూసుకున్నాడని అందరూ అనుకునేవాళ్ళు. నన్ను 'గురువుగారు' అనేవాళ్ళు. వద్దని నేనెప్పుడూ అనలేదు.

గుడివాడ ఆయన ఒక్కడే తొందరపడేవాడు కాదు. రెండు రోజులాగి, నాలుగు వాక్యాలు రాసేవాడు. ఒకసారి ఇలా రాశాడు: నెట్ కోసం ఫోను లైను కలిపే మోడెమ్ ఉంటుంది కదా, ఇప్పుడు కంప్యూటర్ల లోపల కార్డులాగా బిగించి ఇస్తున్నవి సగం మోడెమ్‌లే, మిగతా సగం పని విండోస్ చేసిపెడుతుంది, అందుకే చౌకగా వస్తాయి, లినక్స్ ఎక్కిస్తే అవి ఫోను లైను కలపవు, ఎవరైనా మార్చుకోదలిస్తే ముందు అది చూసుకోండి. అంతే. నన్నొక్క మాట అనలేదు. నాకు మాత్రం లినక్స్‌ని అంటే నన్ను అన్నట్టే.

వెంటనే కొట్టాను. "మా ఇంట్లోదీ లోపల బిగించిన మోడెమే. లినక్స్ ఎక్కించిన పది నిమిషాల్లో లైను కలిసింది. చేతకానప్పుడు సిస్టమ్‌ని అనకండి. విండోస్ అమ్ముకునేవారికి లినక్స్‌లో లోపాలు కనపడటంలో వింతేమీ లేదు."

నా మోడెమ్ లోపల లేదు. బల్ల మీద ఉంది. రొయ్యలకి వైరస్ వచ్చి మూతపడ్డ ఒక కంపెనీ ఆఫీసు సామాన్లు అమ్మేస్తుంటే తెచ్చుకున్న డబ్బా అది. ముందు వరసగా ఎర్ర లైట్లు, వెనక లావుపాటి కేబులు. అలాంటివి ఏ సిస్టమ్‌తోనైనా పనిచేస్తాయి. అది నాకు తెలుసు. అయినా రాశాను. గుడివాడ ఆయన జవాబివ్వలేదు. గెలిచాననుకుని ఆ పూట పెసరట్టు రెండోది కూడా వేయించుకున్నాను.

ఏడు నెలల తర్వాత నాగాయలంక నుంచి ఫోను వచ్చింది.

చేసిన కుర్రాడికి అప్పటికి ముప్పై ఉంటాయేమో. సముద్రం మీద వేటకి వెళ్ళే కుటుంబం. తను మాత్రం ఇంటి ముందు గదిలో ఒకే ఒక్క కంప్యూటర్ పెట్టి నెట్ సెంటర్ తెరిచాడు. గ్రూపులో ఉండేవాడు కానీ ఒక్క ఉత్తరం కూడా రాసేవాడు కాదు, అన్నీ చదివేవాడు. ఇంటర్ ఫలితాలు వస్తే ఆ చుట్టుపక్కల వాళ్ళంతా అవనిగడ్డ వెళ్ళి చూసుకునేవాళ్ళు. ఈసారి వెళ్ళక్కర్లేదని, మన దగ్గరే చూడచ్చని, వీడు ఇల్లిల్లూ తిరిగి హాల్‌టికెట్ నంబర్లు రాసుకొచ్చాడు. వాళ్ళ నాన్న అప్పటికే తేల్చి చెప్పేశాడట: ఫలితాల రోజు దాకా చూస్తాను, ఆ రోజు కూడా ఈ పెట్టె పనికిరాకపోతే మర్నాడు పడవెక్కు.

అలాంటిది, వారం ముందు వైరస్‌లు పట్టి కంప్యూటర్ నత్తలా నడుస్తుంటే, మా ఉత్తరాలన్నీ చదివినవాడు కాబట్టి, విండోస్ తుడిచేసి లినక్స్ ఎక్కించాడు. లోపలి మోడెమ్ ఉలకలేదు, పలకలేదు. విండోస్ మళ్ళీ వేద్దామంటే సీడీ లేదు, అమ్మినవాళ్ళు ఎక్కించి ఇచ్చారంతే. ఫలితాలు ఎల్లుండి.

"మీరు పది నిమిషాల్లో కలిపానన్నారు గదండీ. నేను నాలుగు రోజులుగా కలుపుతున్నాను. ఎక్కడ తప్పు చేస్తున్నానో చెప్పండి గురువుగారూ" అన్నాడు.

వస్తున్నానన్నాను. నా గొంతులో గాంభీర్యం విని వాడు కుదుటపడ్డాడు. మోడెమ్‌ని తువ్వాల్లో చుట్టి, వైరు బుట్టలో పెట్టి, పైన అరటిపళ్ళు వేసి మర్నాడు పొద్దున్నే బస్సెక్కాను. అరటిపళ్ళు మర్యాదకి కాదు, డబ్బా కనపడకుండా. చల్లపల్లి దాకా నిలబడే వెళ్ళాను. మోపిదేవి దాటేసరికి ఏం చెప్పాలో తయారైపోయింది: మీ కార్డు పాడైందయ్యా, ఎవరో అరిగిపోయింది అంటగట్టారు, ఇన్నాళ్ళు నడిచిందే ఎక్కువ, అదృష్టం కొద్దీ నా దగ్గర ఇంకోటి ఉంది. నాగాయలంకలో దిగేసరికి ఆ అబద్ధాన్ని నేనే సగం నమ్మేశాను.

గదిలోకి అడుగుపెట్టగానే గోడ మీద కాగితం కనపడింది. నా ఉత్తరం. ప్రింటు తీసి, నాలుగు మూలలా మైదా రాసి అంటించాడు. "చేతకానప్పుడు సిస్టమ్‌ని అనకండి" అన్నచోట కింద ఎర్ర పెన్నుతో గీత కూడా గీశాడు.

నేను కంప్యూటర్ పెట్టె విప్పాను. కార్డు బయటికి తీసి, వెలుతురులో అటూ ఇటూ తిప్పి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన కూడా చూశాను. తర్వాత బస్సులో కూర్చుకున్న మాట చెప్పాను.

వాడు వెంటనే గుమ్మం వైపు తిరిగాడు. అక్కడ వాడి భార్య కత్తిపీట ముందు కూర్చుని, నాకోసమే, రొయ్యలు ఒలుస్తోంది.

"విన్నావుగా. ఈ కార్డు కంప్యూటర్‌తో వచ్చింది కాదు, మీ అన్నయ్య ఇచ్చిందే. పెద్దాయన చూసి మరీ చెబుతున్నారు."

ఆమె చెయ్యి ఆగింది. మొగుణ్ణి చూడలేదు, నన్నే చూసింది.

"మా అన్నయ్య తన షాపులో పనిచేస్తున్నదాన్ని ఊడదీసి ఇచ్చాడండీ. నేను పక్కనే ఉన్నాను" అంది. గొంతు పెంచలేదు.

జీవితంలో చాలాసార్లు అబద్ధం చెప్పి పట్టుబడ్డాను. పట్టుబడితే నాకేం సిగ్గు ఉండేది కాదు, ఇంకోటి తయారుగా ఉండేది. కానీ ఇక్కడ నన్నెవరూ పట్టుకోలేదు. నేను నోరు మూసుకుంటే చాలు, ఆ అన్నయ్య దొంగైపోతాడు, ఆమె పుట్టింటివాళ్ళని ఈ ఇంట్లో ఎన్నేళ్ళు దెప్పిపొడుస్తారో తెలియదు. పెద్ద మనసుతో ఒప్పుకున్నానని మా బందరులో చెబుతుంటాను. అదేం కాదు. ఆమె చూపుకి అలిసిపోయాను. ఆ ఏడు నెలలూ గెలిచి గెలిచి కూడా అలిసిపోయినట్టున్నాను.

"అమ్మా, మీ అన్నయ్య ఇచ్చింది మంచిదే. అబద్ధం నాది. మా ఇంట్లో ఇలాంటి కార్డు ఎప్పుడూ లేదు. నాది ఇదీ" అని, అరటిపళ్ళు తీసి డబ్బా బల్ల మీద పెట్టాను.

వాడు డబ్బాని చూశాడు. గోడ మీద కాగితాన్ని చూశాడు.

"అయితే గుడివాడ ఆయన చెప్పింది నిజమేనా?"

"నిజమే."

"మరి మీరలా ఎందుకు రాశారండీ?"

"గెలవటానికి."

వాడికి తిట్టాలని ఉంది. నా వయసు అడ్డం వచ్చింది. బయటికెళ్ళి అరుగు మీద కూర్చున్నాడు. ఆమె మళ్ళీ రొయ్య చేతిలోకి తీసుకుంది.

"ముందు ఆ డబ్బా పనిచేస్తుందో లేదో చూడండి బాబాయిగారూ. తిట్టుకోవటం అన్నం తిన్నాక చూసుకోవచ్చు" అంది.

కేబులు బిగించి, నంబరు కొట్టాను. ఎర్ర లైట్లు ఒక్కొక్కటే వెలిగాయి. లైను కలిసేటప్పుడు వచ్చే ఆ గీపెట్టుడు విని వాడు అరుగు మీంచి లేచి లోపలికొచ్చాడు. నాకు అన్నానికి పీట వేశాడు. కూర చాలా బాగుంది. ఆ మాట అనే ధైర్యం నాకు లేకపోయింది.

నన్ను ఆ పూట వెళ్ళనివ్వలేదు. మర్నాడు లైను మధ్యలో తెగితే ఎవరు చూస్తారన్నాడు. అదీ న్యాయమే.

ఫలితాలు పొద్దున పదకొండింటికన్నారు, మధ్యాహ్నం దాకా ఆ సైటు తెరుచుకోలేదు. గదిలో, అరుగు మీద, రోడ్డు మీద జనం. పడవల మీంచి వచ్చినవాళ్ళు, రొయ్యల చెరువుల దగ్గర్నుంచి సైకిళ్ళ మీద వచ్చినవాళ్ళు. వాడు గోడ మీద నా ఉత్తరం జాగ్రత్తగా ఊడదీసి, వెనక తెల్లగా ఉన్నవైపు ఎవరి తర్వాత ఎవరో వరస రాసుకున్నాడు. ఆ ఉత్తరం వల్ల జరిగిన మంచి అదొక్కటే.

నేను మిషను ముందు కూర్చున్నాను. అంకెలు చూడకుండా కొట్టటం మా ఇన్‌స్టిట్యూట్‌లో అన్నిటికంటే కష్టమైన పాఠం. వాడు నంబరు చదువుతాడు, నేను కొడతాను, పేజీ నిదానంగా దిగుతుంది, నేను పైకి చదువుతాను. నోట్లోంచి వచ్చే ప్రతి సంఖ్యకీ ఎంతో కొంత చేర్చటం నాకు పుట్టుకతో వచ్చిన అలవాటు. ఆ రోజు ఉన్న అంకె ఉన్నట్టు చదివాను. ఒకాయన, ఒంటి మీద ఉప్పునీళ్ళు ఇంకా ఆరలేదు, కూతురి మార్కులు విని కదలకుండా నిలబడి, "ఇంకో పది ఉంటాయేమో సరిగ్గా చూడండి బాబూ" అన్నాడు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాను. లేవు. పాసయిందిగా అన్నాను. పాసయింది లెండి, అని ఆయన చేయి తుడుచుకుని తెరని ఒకసారి ముట్టుకుని వెళ్ళాడు.

సాయంత్రం నాలుగింటికి వాడి నాన్న వచ్చాడు. లోపలికి రాలేదు. గుమ్మం అవతల నిలబడి, ఇంకా మిగిలిన వరసని చూసి, చుట్ట ఆర్పేసి వెళ్ళిపోయాడు. తర్వాత కోడలు చెప్పింది, మర్నాటి వేటకి కొడుకు బదులు ఇంకో మనిషిని మాట్లాడుకున్నాడట.

జనం తగ్గాక, బస్సుకి ఇంకా టైముందని, అక్కణ్ణుంచే గ్రూపుకి ఉత్తరం రాశాను. నా మోడెమ్ బయటిదని, గుడివాడ ఆయన మొదట్నుంచీ నిజమే చెప్పారని, నా మాట నమ్మి నాగాయలంకలో ఒకాయన కంప్యూటర్ తుడుచుకుని ఇబ్బంది పడ్డాడని, ఇంకెవరూ తుడుచుకోవద్దని. అయిదు వాక్యాలు. అరగంట పట్టింది. నాకంత తప్పులు ఏ ఉత్తరంలోనూ పడలేదు.

మోడెమ్ అక్కడే వదిలి వచ్చాను. వాడు అడగలేదు, నేను ఇస్తున్నానని చెప్పలేదు. బస్సులో వైరు బుట్ట తేలిగ్గా ఉంది, ఆమె ఇచ్చిన ఎండు రొయ్యల పొట్లం ఒక్కటే అందులో. నాలుగు రోజుల తర్వాత బందరులో ఒక నెట్ సెంటర్‌కి వెళ్ళి గ్రూపు తెరిచాను. నా ఉత్తరం మీద పెద్ద గొడవ జరిగుంటుందనుకున్నాను. ఎవరో కొత్తగా వచ్చిన ఒక సిస్టమ్ గురించి కొట్టుకుంటున్నారు, మొత్తం నలభై ఉత్తరాలు. నాకు వచ్చిన జవాబు ఒక్కటే. గుడివాడ ఆయనది, రెండు రోజులాగి, నాలుగు వాక్యాలు.

"గురువుగారికి నమస్కారం. ఒకప్పుడు మీరే రాశారు, వాన పడుతుంటే మోడెమ్ మీద ఎర్ర లైట్లు చూస్తూ కూర్చుంటే ఎంతో బాగుంటుందని. లోపలి కార్డుకి లైట్లుండవు కదండీ. పెద్దవారని ఊరుకున్నాను, కానీ నాగాయలంక ఆయన గురించి తెలిసుంటే ఊరుకునేవాణ్ణి కాదు."

దానికి జవాబు రాద్దామని చేతులు పెట్టాను. నలభై అయిదు మాటల చెయ్యి. నమస్కారం అని ఒక్క మాట కొట్టి చెరిపేశాను. ఏడు నెలలు ఆయన దయ మీద గెలిచానన్నమాట. పక్కన కుర్చీ కోసం ఎవరో నిలబడి ఉంటే లేచి ఇచ్చేసి, ఇంటికి నడిచి వచ్చాను.