డొల్ల చప్పుడు

మా పక్కింటి యిర్మియా అన్న ఎవరింటికి వెళ్లినా కూర్చునే ముందు పైకప్పు చూస్తాడు. పెళ్లి పందిరి కింద కూడా అంతే. బొగ్గుబాయిలో కప్పు కూలకుండా ముప్పై ఒక్క ఏళ్లు దుంగలు నిలబెట్టిన మనిషి. షిఫ్టు మొదలవగానే కర్రతో కప్పును కొట్టి చెవి ఒగ్గేవాడట. ఖంగున మోగితే గట్టిది. డొబ్బున మోగితే డొల్ల, కింద నిలబడకూడదు. రిటైరయ్యాక గోదావరిఖనిలో మా పక్కన రెండు గదులు కట్టుకుని, ఆ స్లాబును కూడా కొన్నాళ్లు కొట్టి చూశాడు. నాకు నవ్వొచ్చేది.

పోయిన మార్చిలో ఆయన ట్రాలీ ఆటోలో ఒక పసుపుపచ్చ కయాక్ తెచ్చాడు. ఇద్దరు కూర్చునే ప్లాస్టిక్ పడవ, పన్నెండు అడుగులు. ఎక్కడో బోటింగ్ మూసేస్తుంటే కొన్నాడట. ఇంట్లో పట్టదు కాబట్టి రెండిళ్ల మధ్య గోడ పక్కన, సరిగ్గా నా వంటింటి కిటికీకి ఎదురుగా పెట్టాడు. పొద్దున్నే పాలు కాచుకుంటుంటే ఎదురుగా పడవ అడుగు కనపడితే ఎవరికి మండదు? జలప్రళయానికి ముందే ఓడ కట్టిన బైబిల్ నోవహుతో పోల్చి వాడంతా "నోవహు కాకా, వాన ఎప్పుడు?" అని ఆటపట్టించారు. నేనూ వదల్లేదు.

"గంగ ఆడ పారుతుంటె, పడవ ఈడేందన్నా?"

"సాయమ్మ కోసం, రాజకుమారి చెల్లె," అన్నాడు. అంతే.

సంగతి నాకు తెలుసు. ఆయన భార్య సాయమ్మ పుట్టిన ఊరు ప్రాజెక్టు నీళ్ల కింద ఉంది. వాళ్లమ్మ సమాధీ అక్కడే. నవంబరు రెండున సమాధుల పండుగకు చర్చి వాళ్లంతా తమ వాళ్ల సమాధులకు సున్నం వేసి, పూలు, కొవ్వొత్తులు పెడుతుంటే సాయమ్మ ఒక్కతే గడప మీద బంతిపూలు ఒళ్లో పోసుకుని కూర్చునేది. సాయంత్రానికి అవి ఒళ్లోనే వాడిపోయేవి. ఈసారి ఆ పూలు అమ్మ దగ్గరికి చేరాలి. అదీ యిర్మియా అన్న పట్టిన పట్టు. నవంబరుకు రిజర్వాయరు నిండుతుంది, నీళ్లు నిలకడగా ఉంటాయి. అప్పటిదాకా పడవ ఆరుబయట బతకాలి. మా ఎండల్లో మనుషులు బతకడమే కష్టం.

ఆయన తనకు తెలిసినట్టే దాచాడు. బాయిలో కప్పుకు పెట్టినట్టు ఆరు దుంగలు నిలబెట్టి, వాటి తలల మీద పాత కన్వేయర్ బెల్టు ముక్కలు వేసి, పడవను బోర్లించాడు. ఇక వాన నీళ్లు నిలవవు, బొగ్గు దుమ్ము లోపల చేరదు. ఎండకు పెళుసెక్కకుండా సాయమ్మ పాత చీరలు కప్పాడు. రోజూ పొద్దున వేలి కణుపులతో కొట్టి వినేవాడు. డొబ్, డొబ్. ఆయన ముఖం మాడిపోయేది.

"డొల్ల మోగుతున్నది చెల్లె. నా చెవు ఒప్పుతలేదు."

పడవ డొల్లగా కాక ఇంకెలా ఉంటుందని ఎంత చెప్పినా ఆ చెవి వింటేనా!

మధ్యాహ్నాలు సాయమ్మ ఆ పడవ కింద చాప వేసుకుని బియ్యం ఏరేది. ఎండ చీరల్లోంచి, పసుపు ప్లాస్టిక్‌లోంచి మెత్తగా దిగి ఆమె ముఖం మీద, చేటలో బియ్యం మీద పసుపు కలిపిన నీళ్లలా పరుచుకునేది. ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగ్ జరిగినప్పుడు పడవ సన్నగా ఝుమ్మనేది. ఒక కోడిపెట్ట అక్కడే గుడ్లు పొదిగింది. నా కోపం ఎప్పుడు పోయిందో తెలియదు, ఒకరోజు గోడ చుట్టూ తిరిగి వెళ్లి ఆమె పక్కన కూర్చున్నాను. అక్కడ మాటలు నిద్రలో వచ్చినట్టు మెల్లగా వచ్చేవి.

"నీళ్ల కిందికెల్లి చూస్తే పడవ గిట్లనే కనపడ్తదేమో వదినె," అన్నది సాయమ్మ పైకి చూస్తూ. "అమ్మకు గిట్లనే కనపడ్తది."

నాకు ఏడుపొచ్చింది. బియ్యంలో రాయి వెతుకుతున్నట్టు తల వంచుకున్నాను.

మే నెలాఖరున ఒక సాయంత్రం ఈదురుగాలి లేచింది. ఆరు దుంగలూ చెక్కుచెదరలేదు. పడవ మాత్రం వాటి మీది నుంచి లేచి, గోడ దాటి, కాయ మీదున్న నా మునగచెట్టును విరిచి, మా వాకిట్లో పడింది. ఆ మహానుభావుడు ఒక్క తాడు కూడా కట్టలేదు!

యిర్మియా అన్న వానలో తడుస్తూ వచ్చాడు. నా తిట్లు ఆయన చెవిన పడనేలేదు.

"ముప్పై ఒక్క ఏండ్లు మీదికెల్లి ఏం పడ్తదో అనే చూసిన చెల్లె. బాయిల ఈదురుగాలి ఏది? కిందికెల్లి లేసేది గూడ ఉంటదని ఎరుకలేకపాయె."

మోకాళ్ల మీద కూర్చుని, ఈ కొస నుంచి ఆ కొసకు జానెడు జానెడు కొట్టుకుంటూ పోయాడు. పగులుంటే చప్పుడు చీలుతుంది. సాయమ్మ గోడ అవతల కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది. డొబ్. డొబ్. డొబ్. చివరిదాకా అదే.

"డొల్లనే ఉన్నది చెల్లె! పానం నిమ్మలమైంది!"

బతుకంతా ఏ చప్పుడు వింటే వెనక్కి పరుగెత్తాడో, ఆ రోజు ఆ చప్పుడు విని సంతోషంతో ఏడ్చాడు. కట్టుకొమ్మని మా చేదబావి తాడు నేనే ఇచ్చాను. మునగచెట్టు సంగతి మళ్లీ ఎత్తలేదు, ఎత్తినా ఎక్కువగా కాదు.

నవంబరు రెండున పొద్దున్నే నేనూ ఒడ్డుకు వెళ్లాను. నీళ్ల మీద మంచు తెరలు తెరలుగా కదులుతోంది. చేపలు పట్టే ముత్యం తన తెప్ప మీద పక్కనే వెళ్లాడు. లైఫ్‌జాకెట్లు తొడుక్కున్న ఆలుమగలు పసుపు పడవలో మెల్లగా సాగారు. గుట్ట కొన, కరెంటు ఫ్యాక్టరీ పొగగొట్టం ఒకే వరసలోకి వచ్చినచోట సాయమ్మ చేయెత్తింది. అమ్మ సమాధికి ఆమె పెట్టుకున్న గుర్తు అదే. పడవ ఆగింది. ఒడ్డుకు అది ఎంతో దూరం లేదు. ఆమె బంతిపూలు ఒక్కొక్కటే నీళ్ల మీదికి వదిలింది. అవి పడవ చుట్టూ తిరిగి అక్కడే నిలిచాయి.

యిర్మియా అన్న అలవాటు కొద్దీ పైకి చూశాడు. ఆకాశం తప్ప కొట్టి చూడటానికి కప్పు లేదు. చేయి ఊరుకోక వంగి పడవ అడుగును కొట్టాడు. ఆ నిశ్శబ్దంలో డొబ్బుమని ఒడ్డుదాకా వినిపించింది. సాయమ్మ మాట కూడా వినిపించింది.

"మెల్లగ కొట్టయ్యా. కింద అమ్మ పండుకున్నది."