‘స’ కోసం మస్కట్ నుంచి గూడూరుకు

మస్కట్‌లో నేను రొట్టెల బండి నడుపుతాను. మొన్న వేసవిలో బండి వెనక తలుపు గాలికి తిరిగొచ్చి మూతికి కొట్టింది. పైవరసలో ముందు పళ్ళు రెండు పోయాయి. ఆ ఖాళీలో బ్రిడ్జి, అంటే పక్క పళ్ళకు బిగించే కట్టుడు పళ్ళు, వేయడానికి అక్కడి డాక్టరు అడిగిన మొత్తం విని, నోరు మూసుకుని బయటికి వచ్చేశాను. గూడూరులో అదే పని నాలుగోవంతుకు అవుతుందని తెలిసింది. ఎటూ సెలవు రావాల్సి ఉంది కనుక విమానం టికెట్టు కొన్నాను.

నా అసలు కష్టం తిండి కాదు, అక్షరం. చిన్నప్పుడు నాయుడుపేట గ్రంథాలయంలో ఒక వ్యాకరణం పుస్తకం అర్థమయ్యీ కాకుండా చదివాను. త, థ, ద, ధ, న, ల, స దంత్యాలు, అంటే పళ్ళ దగ్గర పుట్టేవి అని అందులో ఉంది. అది ఎంత నిజమో పళ్ళు పోయాక తెలిసింది. మిగతావి ఎట్లాగో సర్దుకున్నాయి కానీ ‘స’, దాని చెల్లెలు ‘శ’ రెండూ ఈలలైపోయాయి. గదిలో వాళ్ళు నవ్వారు. అప్పట్నుంచి ‘సరే’ అనాల్సిన చోటల్లా ‘అట్నే’ అని తప్పించుకుంటున్నాను. నా భార్య పేరు సుశీల. ఆ పేరుకు మాత్రం బదులు మాట దొరకలేదు. ఫోన్లో పేరు పెట్టి పిలవడం మానేశాను. వీడియో అడిగితే నెట్టు లేదనేవాణ్ణి.

రాత్రి విమానం తెల్లవారేసరికి చెన్నైలో దించింది. మెట్రోలో సెంట్రల్‌కు వచ్చి, టికెట్టు కిటికీ దగ్గర ‘సూళ్ళూరుపేట’ అని పలకలేక ఫోన్లో రాసి చూపించాను. ఏడు దాటాక లోకల్ కదిలింది. సూళ్ళూరుపేటలో ఇడ్లీ తిని, బస్సులో దొరవారిసత్రం, అక్కణ్ణుంచి ఆటోలో పులికాట్ ఒడ్డున మా ఊరు చేరాను.

సుశీల గడపలోనే నిలబెట్టింది. “ఏమయ్యా, నా పేరు నీ నోట్లోంచి విని ఎన్నాళ్ళయింది? నేనేం తప్పు చేసినా?”

నోరు తెరిచి చూపించాను. గడ్డం పట్టుకుని వెలుగుకు తిప్పి చూసింది. “ఈ మాత్రానికా! చేపలమ్మే కాడ కూడా అదే దిగులుతో కూర్చుంటి గదయ్యా. ఏదీ, ఇప్పుడు పిలువు.”

“ఫుఫీలా.”

“అమ్మో, ఎవురా ఆమె?” అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు.

మర్నాడు పొద్దున ఇద్దరం గూడూరు రైలెక్కాం. ఎదురుగా నిమ్మకాయల బస్తాల మీద కాళ్ళు పెట్టుకుని ఒక వ్యాపారి కూర్చున్నాడు.

“యాడికన్నా?”

“బ్రిడ్జి కట్టించుకోను పోతా ఉండా.”

“ఏ ఏటి మీద? కాళంగి మీదా?”

“నా నోట్లోనే.”

“అయితే టోలు ఎవురు కడతారన్నా, ఇడ్లీలా?” రైలుపెట్టె అంతా నవ్వింది. నేనూ నవ్వాను, చెయ్యి అడ్డం పెట్టుకోకుండా.

గూడూరులో పళ్ళ డాక్టరమ్మ ఎక్స్‌రే చూసి పెదవి విరిచింది. “ఖాళీకి రెండు పక్కలా ఉన్న పళ్ళే బ్రిడ్జికి ఆధారం. ఎడమది కదులుతోంది. చిగురు వాచింది, శుభ్రం చేస్తాను. పది రోజుల్లో పట్టు రాకపోతే తీసి పెట్టుకునే పళ్ళే గతి.” రాత్రికి తీసి గ్లాసులో వేసే పళ్ళు! ఎనిమిదో తరగతితో బడి మానినా పుస్తకం పైకి చదివి నలుగురికీ వినిపించడం నా గొప్ప. వదులు పళ్ళతో అదెట్లా?

ఆ పది రోజులూ సుశీల చేప ముల్లు తీసి ముద్దలు పెట్టింది. “కుడివైపే నమలయ్యా” అని ప్రతి ముద్దకూ చెప్పింది.

రెండోసారి వెళ్తే పన్ను గట్టిపడింది. పక్క పళ్ళు అరగదీసి అచ్చు తీసుకున్నారు. బ్రిడ్జి చెన్నైలో తయారై వచ్చేదాకా ఇంకో వారం ఆగాం. బిగించాక అద్దం చూసి “షరే” అన్నాను. డాక్టరమ్మ నవ్వింది. “నాలుకకు కొత్త గోడ కదా. రోజూ గట్టిగా చదవండి.”

మందుచీటీలో ఇంత మంచి మందు నాకెప్పుడూ ఎవరూ రాయలేదు. పేపరు, పాత పుస్తకాలు, ఆఖరికి ఎరువుల సంచి మీది అక్షరాలు కూడా చదివాను. సుశీల చేపలు తోముతూ “మళ్ళా” అనేది. బయల్దేరే రోజుకూ ఆమె ఇంకా ‘షుశీల’గానే ఉంది.

ఈ దారిన వచ్చేవాళ్ళకు ఒక మాట. విమానం ఖర్చు కలుపుకున్నా నాకు లాభమే, కానీ సెలవు మాత్రం చాలినంత పెట్టుకుని రండి. చిగురు మన టికెట్టు తేదీ చూసి మానదు.

దొరవారిసత్రంలో మధ్యాహ్నం రైలు కదిలింది. సుశీల కిటికీ వెంట నడుస్తూ “ఊరగాయ సంచి ఏదయ్యా?” అని అరిచింది.

“సుశీలా! సంచి సీటు కిందే ఉంది, భయపడబాక!”

ఆమె టక్కున ఆగిపోయింది. నేనూ నోటిమీద చెయ్యి వేసుకున్నాను. రైలు ముందుకు పోయింది.

సూళ్ళూరుపేట దగ్గర ఫోన్ మోగింది. “స్టేషనంతా విన్నారు లేవయ్యా” అంది సుశీల. “దిగినాక ఫోన్ చెయ్యి. నా పేరుతోనే మొదలుపెట్టాల.”

“సరే” అన్నాను.