పచ్చ పైకప్పు వ్యాను

ఫోల్క్‌మార్ టీడెమాన్ అంటే నాకు ఒళ్ళుమంట. ఈ సంగతి హానోవర్‌లో మా బొమ్మ వ్యాన్ల సంఘం వాళ్ళందరికీ తెలుసు, అతనికీ తెలుసు. ముప్పై ఒక్క ఏళ్ళు వ్యాన్ల కర్మాగారంలో రంగులు కొట్టాడు. రిటైరయ్యాక ఏటా అక్టోబరులో మా ప్రదర్శనకి భూతద్దం పట్టుకొచ్చి, అరచేతిలో ఇమిడే ఆ పాత వ్యాన్ల మీద తీర్పులు చెప్పడం మొదలుపెట్టాడు. కిటికీ ఒకటి ఎక్కువైనా, నీలం పిసరంత తగ్గినా బొమ్మ బల్ల దిగాల్సిందే. ఒకసారి ఓ ముసలి టీచరమ్మని ఏడిపించినంత పని చేసి, తీరిగ్గా కాఫీలో చక్కెర కలుపుకున్నాడు.

నా భర్త గెరోల్డ్ తెచ్చిన బొమ్మని టీడెమాన్ ఆరుసార్లు దించాడు. నీలం ఒళ్ళు, ఆకుపచ్చ పైకప్పు. ఇలాంటి వ్యాను ఏనాడూ తయారు కాలేదని ప్రతిసారీ అదే మాట.

తయారైంది. 1964లో, ఒకే ఒక్కటి. పైకప్పుకి తెలుపు కొట్టాల్సిన టీడెమాన్ పచ్చ కొట్టాడు. రంగు డబ్బా తప్పుగా అందించాడంటూ నేరం, అప్పట్లో అతని పక్కనే పనిచేసే గెరోల్డ్ మీదికి నెట్టాడు. గెరోల్డ్‌ని టైర్ల విభాగానికి తోసేశారు, రిటైరయ్యేదాకా అక్కడే. ఆ వ్యాన్‌ని ఎవరూ కొనకపోతే మేమే కొన్నాం. ప్రతి ఆదివారం టీడెమాన్ ఇంటి కిటికీ ఎదురుగా ఆపి, అందులోనే కూర్చుని కేకు తినేవాళ్ళం. అతను పరదా లాగేసేవాడు. వ్యాను తుప్పుపట్టి పోయాక గెరోల్డ్ ఒక బొమ్మ కొని, దానికి అవే రంగులు వేసుకున్నాడు.

మార్చిలో గెరోల్డ్ పోయాడు. అక్టోబరులో ఆ బొమ్మని నేనే తీసుకెళ్ళి బల్లమీద పెట్టాను. టీడెమాన్ వచ్చి భూతద్దం ఆనించి, మొహం చిట్లించాడు.

"ఏంటమ్మా ఇది? ఇంత ముదురు కాదు దాని పైకప్పు. లేత పచ్చ."

"అలాంటి వ్యానే లేదన్నారుగా, టీడెమాన్ గారూ. మరి ఎక్కడ చూశారు?"

అతను భూతద్దం దించాడు. చుట్టూ పదిహేనుమంది విన్నారు, అందులో ముగ్గురు కర్మాగారంలో పనిచేసినవాళ్ళు. గెరోల్డ్ లేత పచ్చే వేశాడు. దానిమీద తడిగుడ్డతో తుడిస్తే పోయే ముదురు రంగు పూసింది నేను, వారం కిందట, వంటింట్లో కూర్చుని. అబద్ధం ఎన్నేళ్ళైనా ఆడగలడు గానీ, తప్పు రంగు కళ్ళెదుట ఉంటే నోరు మూసుకోవడం ఆ మనిషి వల్ల కాదు.

ఆ రోజు అతను ఇంకెవరి బొమ్మనీ దించలేదు. భూతద్దం బల్లమీదే వదిలేసి వెళ్ళిపోయాడు. నాకు సంతోషమే కలిగింది, దాచుకోను. ఇంటికొచ్చి పైరంగు మెల్లగా తుడిచేశాను. కింద గెరోల్డ్ వేసిన పచ్చ అలాగే ఉంది. ఆయన బతికుండగా ఈ పని నాకెందుకు తోచలేదా అని అప్పుడు ఏడ్చాను.